మందు మానిన మనిషికి మా డిపో చేసిన సన్మానం

మనిషిని మట్టితో చేసి, ముక్కులో ఊపిరి ఊది నిలబెట్టిన దేవునికి స్తోత్రం. ఆ ఊపిరిని ఒక చిన్న గొట్టంలోకి మళ్లీ ఊదించి, అందులో రాత్రి ఏమేం కలిసిందో చూసే ఉద్యోగం నాకిచ్చినందుకు మరొక స్తోత్రం. జీతం ఆలస్యమైన నెలలున్నాయి గానీ నా నోట స్తోత్రం ఆలస్యమైన పొద్దు లేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. పొద్దున్నే అన్ని నోళ్ల ముందు నిలబడేవాడికి దేవుడు తప్ప వేరే ఆసరా లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నారు. మా పని ఎలా ఉండేదో రాయమని మీరే అడిగారు. సిద్దిపేట చుట్టుపక్కల ఒక బస్సు డిపోలో సెక్యూరిటీలో పనిచేసి రిటైరయ్యాను. ఏ డిపో అని అడగకండి. ఇందులో ఉన్నవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, పిల్లలకు సంబంధాలు చూస్తున్నారు.

నా పని చెప్పడం సులువు. మొదటి బస్సు కదిలే ముందు డ్రైవర్లు గేటు దగ్గర వరుసలో నిలబడతారు. నేను మిషన్‌కు కొత్త గొట్టం తొడిగి పట్టుకుంటాను. డ్రైవరు ఊదుతాడు. సున్నా వస్తే బండి ఇస్తాం. అంకె వస్తే మేనేజరు గదికి, అక్కణ్నుంచి ఇంటికి. అంతే. కానీ గొట్టం తొడగడానికీ ఊదడానికీ మధ్యన నేను విన్నన్ని సాకులు, ఉపవాస ప్రార్థనకు రమ్మన్నప్పుడు మా పాస్టరుగారు కూడా విని ఉండరు.

"దగ్గు మందు తాగిన సార్" అనేవాడు ఒకడు. "మా మేనమామ దినాలుండె సార్. నేను తాగలే, తాగెటోళ్ల పక్కన కూసున్న" అనేవాడు ఇంకొకడు. ఒక పెద్దమనిషి గొట్టంలోకి ఊదకుండా లోపలికి పీల్చాడు. "ఊదమంటే గుంజుతవేందయ్యా" అంటే, "ఏదైతేంది సార్, గాలే గద" అన్నాడు. ఆ డిపోలో జరిగిన దినాల లెక్క చూస్తే, మా జిల్లాలో మేనమామ అనేవాడు ఒక్కడూ మిగిలి ఉండకూడదు.

ఆ వరుసలో హుస్నాబాద్ బండి నడిపే డ్రైవరు ఒకడు ఉండేవాడు. వాళ్లది తాటిచెట్లు గీసి కల్లు తీసే కుటుంబం. "మా ఇంట్ల కల్లంటే తాగుడు గాదు సార్, పని" అనేవాడు. ఆ పని దగ్గరే ఆగి ఉంటే ఈ కథ లేదు. కల్లు నుంచి సీసాలోకి, సీసా నుంచి నా మిషన్‌లోకి వచ్చాడు. ఒకసారి సస్పెండయ్యాడు. మళ్లీ చేరాక ఒకరోజు ఇంట్లో పడిపోతే భార్య ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది. అక్కడే తాగుడు మాన్పించే వార్డులో ఉంచారు.

తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు మేనేజరు నన్ను కూడా గదిలోకి పిలిచి, అతనితో ఒకే మాట చెప్పాడు. "ఇంకొక్కసారి మిషన్ల అంకె వచ్చిందంటే నౌకరి పోతది. అప్పుడు నా కాళ్లు మొక్కితే లాభం లేదు. ఆమె ముంగట మాటియ్యి" అని తలుపు దగ్గర నిలబడ్డ భార్యను చూపించాడు. ఆమె బీడీలు చుట్టే మనిషి. మాట ఇస్తే నమ్మే దశ ఎప్పుడో దాటిపోయింది. "మాటలు ఇంట్ల మస్తున్నయి సార్, పెట్టడానికి జాగ లేదు" అంది. డాక్టరు ఆమెతో ఇంకా సూటిగా చెప్పాడట, మళ్లీ మొదలుపెడితే నౌకరి కంటే ముందు మనిషే పోతాడని.

మానడం అంటే ఒకనాడు సీసా గిరాటేసి లేచి నిలబడటం అని నేనూ అనుకునేవాణ్ని. మా చర్చి సంఘంలో విన్న సాక్ష్యాలన్నీ అలాగే ఉంటాయి మరి. నిన్నటిదాకా చీకటి, ఇవాళ వెలుగు, మధ్యలో ఒక పాట. ఇతణ్ని దగ్గర నుంచి చూశాక తెలిసింది, మధ్యలో పాట ఉండదు, చెమట ఉంటుంది. సంతకం పెట్టబోతే చేతులు వణికేవి. స్టీరింగ్ పట్టుకుంటే సర్దుకునేవి. జేబులో ఎప్పుడూ బెల్లం ముక్క. కడుపు ఖాళీగా ఉండనీయొద్దు, సాయంత్రం ఒంటరిగా ఉండొద్దు, పాత దోస్తులతో కూర్చోవద్దు అని డాక్టరు చెప్పాడు. మొదటి రెండూ భార్య చూసుకుంది. మూడోది కష్టం. పాత దోస్తులంటే డిపో మొత్తం.

ఒక సెలవునాడు పొద్దున్నే మామూలు చొక్కాతో వచ్చి వరుస చివర నిలబడ్డాడు.

"నీకు ఇయ్యాల సెలవు గదయ్యా" అన్నాను.

"గందుకే వచ్చిన సార్. డ్యూటీ ఉన్ననాడు పొద్దుగాల ఊదాల్నని రాత్రి యాదికుంటది. సెలవునాడు ఎవ్వలకు ఊదాలె?"

సెలవులో ఉన్న మనిషికి గొట్టం ఖర్చు చేయడానికి మా నియమాల్లో చోటు లేదు. అయినా తొడిగాను. మనిషి కోసం నియమమా, నియమం కోసం మనిషా అన్న వాదన బైబిలు వాక్యం చదివినవాడికి కొత్త కాదు. సున్నా వచ్చింది. హాజరు వేయించుకున్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి సెలవుకూ వచ్చాడు. "ఇగ మానినట్టేనా?" అని ఒకసారి అడిగాను.

"గట్ల అనకుండ్రి సార్. డ్యూటీ చార్టు ఏనాటిది ఆనాడే ఏస్తరు గద. నాది గూడ గంతే."

అతణ్ని అలా వదిలేస్తే సరిపోయేది. కానీ మన దగ్గర తాగేవాడిని ఎవరూ పట్టించుకోరు, మానేవాడిలో మాత్రం అందరికీ వాటా కావాలి. డిపోలో ఏటా దీక్ష పట్టి మాల వేసుకునే బృందం వాళ్లు, "మా స్వామి దయతోనే మానినవు, ఈసారి మాల ఏసుకోవాలె" అన్నారు. అంతవరకు అతను మాల ముట్టలేదు. మా సంఘంలో నేను అతని పేరు చెప్పకుండా ఒక ప్రార్థన మనవి పెట్టాను. తర్వాతి ఆదివారానికి అది విజయగీతమైంది.

"ఆ సహోదరుణ్ని తీసుకురండి, సాక్ష్యం చెప్పిద్దాం" అన్నారు పాస్టరుగారు.

"ఆయన మన సంఘం కాదండీ."

"ప్రార్థన మనదే కదా" అన్నారు.

అందరికంటే పెద్ద వాటా అడిగినవాడు మా యూనియన్ లీడరు. అతనూ డ్రైవరే. మంచి మనిషి, ఎవరికి ఆపదొచ్చినా ముందుంటాడు, ఎవరికి ఆనందమొచ్చినా సీసాతో ఉంటాడు. యూనియన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. అతనికి ఒక ఆలోచన వచ్చింది. మా డిపోలో రిటైరైనవాడికి సన్మానం ఉంది, ప్రమోషన్ వచ్చినవాడికి ఉంది, కొత్త బండి కొన్నవాడికి ఉంది. మందు మానినవాడికి మాత్రం ఇంతవరకు చేయలేదు.

"వద్దే అన్నా, నాకు సిగ్గైతది" అన్నాడు డ్రైవరు.

"తాగినప్పుడు సిగ్గు గాలే, మానినంక సిగ్గేంది?" అన్నాడు లీడరు. జవాబు లేని మాట. జవాబు లేకపోవడాన్ని ఒప్పుకోవడం కింద రాసుకోవడం యూనియన్ పద్ధతి.

మూడో రోజుకు డిపో గోడకు ఫ్లెక్సీ లేచింది. మధ్యలో డ్రైవరు నిలువెత్తు బొమ్మ, పైన "మద్యాన్ని జయించిన మా అన్నకు శుభాకాంక్షలు" అని అక్షరాలు, చుట్టూ శుభాకాంక్షలు తెలిపేవాళ్ల ముఖాలు గుండ్రాల్లో. ఆ ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అందరూ నా మిషన్‌కు బాగా తెలిసినవాళ్లే. డ్రైవరు ఫోటో పాత దావత్‌లో తీసింది. వేరే మంచి ఫోటో దొరకలేదట. చేతిలో గ్లాసున్న చోట గులాబీ పువ్వు అతికించారు. పువ్వును అంత గట్టిగా గుప్పిట్లో పట్టుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

అది కట్టేదాకా అతని సంగతి డిపోకూ ఇంటికీ మాత్రమే తెలుసు. కట్టాక సిద్దిపేటకంతా తెలిసింది. బస్సెక్కినవాళ్లు, "మానినవంట గదనే అన్నా, మరి దావత్ ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఉంది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి అన్నం తినలేదట. "మీ నాయిన తాగుబోతంట గద, గోడ మీద రాసిన్రు" అన్నదట పక్కన కూర్చునే పిల్ల. అక్కడ రాసింది అది కాదు. కానీ చదివినవాళ్లు చదివింది అదే.

"తీసేయమని లీడరుకు చెప్పరాదా?" అన్నాను.

"చెప్పిన సార్. సన్మానమైనంక తీస్తమన్నడు. ఫ్లెక్సీ ఫ్రేముకు అప్పటిదాంక కిరాయి కట్టిన్రంట."

సన్మానం ఒక ఆదివారం మధ్యాహ్నం, చంద్లాపూర్‌లో రంగనాయక సాగర్‌కు దగ్గరగా ఒకరి పొలంలో. షామియానా, కుర్చీలు, మైకు. ఆరాధన ముగించుకుని పాస్టరుగారూ నేనూ కలిసే వెళ్లాం. మాల బృందం గురుస్వామి అప్పటికే వేదిక మీదున్నాడు. నన్ను మిషన్ తీసుకురమ్మన్నారు. లీడరు మేనేజరు దగ్గర అనుమతి కూడా తెచ్చాడు. వేదిక మీద, జనం ముందు, అతనిచేత ఊదించి సున్నా చూపించాలట. అనుమతి ఉందన్నాక నాకు కాదనడానికి ఏమీ దొరకలేదు.

ముగ్గురు పెద్దలూ మాట్లాడారు. గురుస్వామి ఇంకా వేయని మాల మహిమ చెప్పాడు. మా పాస్టరుగారు చేసిన ప్రార్థన మహిమ చెప్పారు. లీడరు యూనియన్ మహిమ చెప్పాడు. మూడు శాలువాలు పడ్డాయి. ఎండాకాలం, మూడు శాలువాల కింద డ్రైవరు చెమటలు కక్కుతున్నాడు. అతని మహిమ ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

తర్వాత నన్ను పిలిచారు. గొట్టం తొడిగాను. ఊదాడు. సున్నా. లీడరు మిషన్ నా చేతిలోంచి తీసుకుని పైకెత్తి జనానికి చూపించాడు. అంత దూరం నుంచి ఎవరికీ ఏమీ కనబడలేదు గానీ చప్పట్లు బాగా పడ్డాయి. చప్పట్లు ఆగాక, ఆడవాళ్ల వైపు నుంచి డ్రైవరు భార్య లేచి నిలబడింది.

"మా ఆయన ఊదిండు. సంతోషం. గట్లనే పక్కన నిలబడ్డ అన్నలు గూడ ఒక్కసారి ఊదుతరా? మిషన్ ఎట్లాగో వచ్చింది గద."

వేదిక మీద అన్నలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కొత్త గొట్టం తీసి పట్టుకున్నాను. అది నా ఉద్యోగం.

"చెల్లె మంచి మాటన్నది" అన్నాడు లీడరు మైకులో. "కానీ టైమైంది. బువ్వలు సల్లారిపోతయి. అందరు భోజనాలకు నడువుండ్రి."

షామియానా వెనక ఏముందో అప్పటికే నాకు తెలుసు. వచ్చేటప్పుడే చూశాను, మటన్ గిన్నెల పక్కన మంచుగడ్డల మీద పెట్టెలు. లీడరును పక్కకు పిలిచి, "గిదేందయ్యా, మందు మానినోని సన్మానంల మందా?" అన్నాను.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మానింది ఆయన సార్, మనం గాదు గద. ఆయన మానిన ఖుషీల మనం తాగకుంటే ఆయనకేం ఇజ్జత్ ఉంటది?"

పాస్టరుగారికి ఉన్నట్టుండి ప్రజ్ఞాపూర్‌లో ఒక ఇంటి ప్రార్థన గుర్తొచ్చింది. మటన్ పార్శిల్ కట్టించుకుని వెళ్లారు. గురుస్వామి మాల వేసుకున్న కాలం కాదు కాబట్టి ఉండిపోయాడు.

మా డిపోలో ఒక ఆచారం ఉంది. దావత్ ఎవరి పేరు మీద జరిగితే ఆ మనిషే మొదటి సీసా మూత తీయాలి. పెళ్లికొడుకు తీస్తాడు, రిటైరైనవాడు తీస్తాడు. అతను తీసేదాకా ఎవరూ ముట్టరు. పెద్దలంటే మా వాళ్లకు అంత మర్యాద. ఆ రోజు ఆ మర్యాద ఎవరికి దక్కాలో ఎవరికీ సందేహం రాలేదు. ఇందులో ఎవరి మనసులోనూ విషం లేదని నేను ఈ రోజుకీ నమ్ముతాను. విషం ఉంటే జాగ్రత్తపడే వీలుండేది. అక్కడ ఉన్నదంతా ప్రేమే.

"అన్నా, నువ్వు తాగకు. మూత తీసి మాకియ్యి. గంతే" అని లీడరు సీసా తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టాడు. చుట్టూ ఖాళీ గ్లాసులతో మనుషులు. "తియ్యే అన్నా, ఎండ మండుతుంది" అన్నాడొకడు. "బోణీ నీ చేతుల్నే కావాలె" అన్నాడు ఇంకొకడు.

అతను సీసా మెడ పట్టుకున్నాడు. బొటనవేలు మూత మీదికి తనంతట తానే వెళ్లింది. నేను అతని ముఖం చూడలేదు, చెయ్యే చూశాను. దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచి స్టీరింగ్ తప్ప ఏది పట్టినా వణుకుతున్న చెయ్యి ఆ సీసా పట్టుకోగానే నిలిచిపోయింది. రాయిలా నిలిచింది. నాలోపల ప్రార్థన కూడా ఆగిపోయింది. ఏమని అడగాలో తెలియలేదు. మేనేజరు మాట, డాక్టరు మాట, ఆ పిల్ల తినని అన్నం, అన్నీ ఆ బొటనవేలి కిందే ఉన్నాయి.

అతనూ తన చెయ్యే చూసుకుంటున్నాడు.

"సార్" అన్నాడు మెల్లగా, నాతో. "చూసిన్రా? వణుకుతలేదు."

"చూసిన."

"భయమైతుంది సార్."

సీసాను పెట్టెలో మంచు మీద, ఎక్కడి నుంచి తీశారో అక్కడే, పడుకోబెట్టాడు. మూడు శాలువాలూ తీసి కుర్చీ మీద వేశాడు. "అన్నా, మీరు మంచిగనే చేసిన్రు. కానీ నేను ఇంక మానలే. నిన్న తాగలే, ఇయ్యాల ఇప్పటిదాంక తాగలే. గింతసేపు గీడ నిలవడితే తాగుత. పోతున్న" అన్నాడు.

"తినకుంట పోతవా? నీ దావతే" అన్నాడు లీడరు, బాధగా.

"నా దావతే గద. నేను లేకున్నా నడుస్తది తీ" అంది భార్య, అప్పటికే చెప్పులు వేసుకుని వచ్చి. అతని మాట తన మాటగా చెప్పడం ఆమెకు అలవాటు.

మేం ముగ్గురం ఆటో పట్టుకుని సిద్దిపేట వచ్చాం. సన్మాన గ్రహీత ఆకలితో ఉన్నాడు. బస్టాండు పక్కన ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చాయ్ గ్లాసు పట్టుకుంటే అతని చెయ్యి మళ్లీ వణికి, సగం చాయ్ చొక్కా మీద పడింది. కోపంగా గ్లాసు కింద పెట్టబోయాడు.

"వణుకనియ్యి" అంది భార్య. "గదే మంచిగుంది." ఇంకో చాయ్ చెప్పింది.

తెల్లారి సోమవారం వరుస సంగతి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. సన్మానం సాయంత్రం దాకా నడిచిందట. మొదటి సీసా ఎవరు తీశారో ఎవరూ చెప్పలేదు, చివరిది ఎవరు తీశారో ఎవరికీ గుర్తులేదు. గొట్టం తర్వాత గొట్టం తొడిగాను. అంకె తర్వాత అంకె వచ్చింది. ఫ్లెక్సీ మీద గుండ్రాల్లో ఉన్న ముఖాలు ఒక్కొక్కటే నా ముందుకొచ్చి తల దించుకున్నాయి. ఆ రోజు ఎవరూ మేనమామ పేరెత్తలేదు. మేనేజరు వచ్చి వరుసను చూసి, నన్ను చూసి, తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మిషన్‌కు అనుమతి ఇచ్చింది తనే.

లీడరుకూ అంకె వచ్చింది. హుస్నాబాద్ డ్రైవరు వరుస చివర ఉన్నాడు. సున్నా. తన బండి తీసుకుని వెళ్లాడు, తిరిగొచ్చి డ్రైవరు లేక ఆగిపోయిన మరో బండి కూడా నడిపాడు. బస్టాండులో ఎదురుచూసి తిట్టుకున్న జనానికి, ఆలస్యం ఒక మద్యనిషేధ సభ వల్ల జరిగిందని ఎవరూ చెప్పలేదు. ఫ్లెక్సీ మాత్రం మధ్యాహ్నానికి మేనేజరే పీకించాడు.

సాయంత్రం నేను సైకిల్ తీస్తుంటే లీడరు వచ్చి పక్కన నిలబడ్డాడు. వంగి సైకిల్ చక్రంలో గాలి నొక్కి చూశాడు.

"సార్, ఆయన పోయిన దవాఖాన ఏడున్నది?"

"ఎవ్వలకు?"

"మా తమ్మునికి."

అతనికి తమ్ముడు లేడని డిపో అంతటికీ తెలుసు. అక్కచెల్లెళ్ల మధ్య ఒక్కడే మగపిల్లాడు. దవాఖాన ఎక్కడో చెప్పాను. డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడో చెప్పాను. "నీ తమ్మున్ని ఒక్కన్నే పంపకు, ఎంబడి నువ్వు గూడ పో" అన్నాను. తల ఊపాడు. పోయాడో లేదో నేను రిటైరయ్యేదాకా అడగలేదు. అడిగితే మళ్లీ ఎవరో సన్మానం మొదలుపెడతారని భయం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మీరు నాతో తల వంచాలి. ఆ డ్రైవరు కోసం ప్రార్థిద్దాం. జీవితాంతం తాగకూడదని అడగకండి, అంత పెద్ద మాట అతనే అడగలేదు. ఈ సాయంత్రం అతనికి ఆకలి కాకూడదని, దారిలో ఎవరి ప్రేమా ఎదురు రాకూడదని అడగండి. అతని బిడ్డ కోసం, భార్య కోసం అడగండి. తర్వాత ఆ తమ్ముడి కోసం కూడా. పేరు చెప్పలేను. అలాంటి మనిషి లేడని ఊరంతా అంటుంది. దేవునికి మాత్రం అతను తెలుసు, ఇల్లు కూడా తెలుసు. రండి, కళ్లు మూసుకుందాం.